కాలి వేళ్లకు కాస్త చోటివ్వండి



ఈ మధ్య మా ఓ.పి.కి వచ్చేవారి చేతిసంచుల్లో మందుల చీటీతో పాటు ఒక కొత్త వస్తువు కనిపిస్తోంది. మెత్తని సిలికాన్‌తో చేసిన చిన్న ముక్క అది. కొన్ని బొటనవేలికీ దాని పక్క వేలికీ మధ్య మాత్రమే పెట్టుకునేవి. కొన్ని అయిదు వేళ్లూ దూర్చుకునేవి. దీన్ని టో స్పేసర్ అంటున్నారు. అంటే కాలి వేళ్ల మధ్య ఎడం ఉంచే సాధనం. కొందరు మందుల షాపులో కొంటున్నారు, కొందరు ఫోనులో చూసి తెప్పించుకుంటున్నారు, కొందరికి అమెరికా నుంచో గల్ఫ్ నుంచో పిల్లలు పంపిస్తున్నారు. అందరూ అడిగేది మాత్రం ఒకటే. "ఇది పెట్టుకుంటే వంకర తిరిగిన వేలు తిన్నగా అవుతుందటండీ, నిజమేనా?"

మా అభిప్రాయం మొదటే చెప్పేస్తాం. స్పేసర్ మంచి వస్తువే. సరైన పాదానికి, సరైన చెప్పుతో, కొంతసేపు వాడుకుంటే హాయినిస్తుంది. వంకర వేలిని మాత్రం మామూలు స్థితికి తీసుకురాదు. స్పర్శ లేని పాదానికి ఎవరినీ అడగకుండా పెట్టుకుంటే ఆ వేలినే పోగొట్టవచ్చు. ఇందులో చివరి మాట మేము పుస్తకంలో చదివి రాస్తున్నది కాదు.

నొప్పి లేదు కదా అని ఊరుకున్నారు

ఒక పెద్దావిడ 12 ఏళ్లుగా షుగరుకు మా దగ్గరే మందులు వాడుతున్నారు. వయసు అరవై దాటింది. బొటనవేలు పక్కకు ఒరిగి, రెండో వేలిని తోసేస్తూ ఉండేది. దూర దేశంలో ఉన్న కూతురు వీడియో కాల్‌లో అమ్మ పాదం చూసి, పాపం, ప్రేమ కొద్దీ ఒక జత స్పేసర్లు, ఒక జత బూట్లు పంపింది. ఒక పెళ్లికి వెళ్తూ ఆవిడ రెండూ వేసుకున్నారు. ఉదయం వేసుకున్నవి రాత్రి ఇంటికొచ్చాకే విప్పారు. రెండో వేలి పక్కన నల్లని పొక్కు కనిపించింది. పసుపు పెట్టి గుడ్డ కట్టారు. తొమ్మిదో రోజున వాసన వస్తోందని మనవడు బలవంతం చేస్తే ఆసుపత్రికి వచ్చారు.

"ఇన్ని రోజులు ఎందుకు ఆగారమ్మా?" అని మా సిస్టరు అడిగితే, "నొప్పి లేదు కదమ్మా, అందుకే ఊరుకున్నాను" అన్నారు ఆవిడ. ఆ వేలిని తీసేయాల్సి వచ్చింది. కాలు దక్కినందుకు ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ సాయంత్రం మేము ఆవిడ ఓ.పి. పుస్తకం తిరగేశాం. ప్రతి మూడు నెలలకూ షుగరు రాసి ఉంది. బి.పి. రాసి ఉంది. బరువు రాసి ఉంది. 12 ఏళ్లలో పాదాల గురించి ఒక్క మాట కూడా లేదు. ఆవిడ ప్రతిసారీ చెప్పులతోనే కుర్చీలో కూర్చున్నారు, చెప్పులతోనే లేచి వెళ్లారు. మేము ఎప్పుడూ విప్పమని అడగలేదు. కూతురిని తప్పు పట్టడం తేలిక, ఆ సిలికాన్ ముక్కను తప్పు పట్టడం ఇంకా తేలిక. ముందుగా తప్పు మాది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

పాదం ఎలా పని చేస్తుంది

ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. మనం అడుగు ముందుకు వేసేటప్పుడు మడమ లేచి, బరువంతా వేళ్ల మొదళ్ల మీదికి వస్తుంది. చివరగా బొటనవేలు నేలను నొక్కి శరీరాన్ని ముందుకు తోస్తుంది. బొటనవేలు పైకి వంగినప్పుడు అరికాలి కింద ఉన్న గట్టి పట్టీ బిగుసుకుని, పాదం దృఢంగా నిలబడుతుంది. బొటనవేలు తన చోటున తాను తిన్నగా ఉంటేనే ఈ పని సాఫీగా జరుగుతుంది. అది పక్కకు ఒరిగితే బరువు రెండో వేలి మొదలు మీద పడుతుంది. అక్కడ ఆనె కడుతుంది, మంట పుడుతుంది. నడక మారుతుంది. పెద్దవారిలోనైతే తూలి పడే ప్రమాదం కూడా పెరుగుతుంది.

బొటనవేలు లోపలికి ఒరిగి, దాని మొదలు దగ్గర ఎముక బయటికి పొడుచుకు రావడాన్ని వైద్యులు హాలక్స్ వాల్గస్ అంటారు. వాడుకలో బనియన్ అంటారు. ఇది అరుదైన జబ్బేమీ కాదు. అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2010లో ప్రచురించిన ఒక సమీక్షలో 65 ఏళ్లు దాటిన వారిలో నూటికి 35 మందికి పైగా ఇది కనిపించింది. మగవారిలో కంటే ఆడవారిలో రెండింతలకు పైగా ఉంది. వంశపారంపర్యం, కీళ్లవాతం, సడలిన కీళ్లు కూడా కారణాలే. వీటన్నిటినీ మన చేతులతో మార్చలేం. మార్చగలిగింది ఒక్కటే, మనం తొడుక్కునే చెప్పు.

1958లో హాంకాంగ్‌లో ఇద్దరు వైద్యులు బూట్లు వేసుకునేవారి పాదాలను, ఎప్పుడూ ఏమీ తొడుక్కోనివారి పాదాలను పోల్చి చూశారు. బూట్లు వేసుకునేవారిలో నూటికి 33 మందికి బొటనవేలు ఒరిగి ఉంది. వట్టి కాళ్లతో తిరిగేవారిలో అది నూటికి ఇద్దరికి కూడా లేదు. మన దక్షిణాదిలో మంగుళూరు వైద్యులు 2,300 మంది పిల్లల పాదాలను పరీక్షించి 1992లో ఫలితాలు ప్రకటించారు. బూట్లు, చెప్పులు వేసుకునే పిల్లల్లో చదును పాదాలు నూటికి 8.6 మందికి ఉంటే, వేసుకోని పిల్లల్లో 2.8 మందికే ఉన్నాయి. ముందు భాగం మూసి ఉండే బూట్లు వేసుకునే పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపించింది.

మన ఊళ్లలో పొలం పని చేసి పెరిగిన తాతల పాదాలు ఒకసారి చూడండి. వేళ్లు విసనకర్రలా విడివిడిగా పరుచుకుని ఉంటాయి. ఇప్పుడు పట్నంలో ఉద్యోగం చేసే మనవరాలి పాదం చూడండి. వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుని ఉంటాయి. ఆ ఇద్దరి మధ్య నడిచింది రెండు తరాలే.

అలాగని చెప్పులు మానేయమని మేము చెప్పడం లేదు. వట్టి కాళ్లతో తిరిగిన ఆ తరానికి ముళ్లు, గాజుపెంకులు, కొంకిపురుగులు, ధనుర్వాతం చేసిన నష్టం మా వంటి ఆసుపత్రులకు బాగా తెలుసు. నాట్లు వేసే ఆడవారికి రోజంతా బురదలో నాని వేళ్ల సందులు ఒరిసిపోవడం ఇప్పటికీ చూస్తున్నాం. చెప్పు తప్పనిసరి. అది పాదం ఆకారంలో ఉండాలన్నదే మా మాట. చెప్పుకు తగ్గట్టు పాదాన్ని మలచుకోవద్దు.

స్పేసర్ చేసేదేమిటి, చేయనిదేమిటి

మా వార్డులో పనిచేసే ఒక సిస్టరు ఎనిమిది గంటలు నిలబడే ఉద్యోగం చేస్తారు. రెండు కాళ్లకూ బనియన్ ఉంది. వెడల్పు ముందు భాగం ఉన్న బూట్లకు మారి, సాయంత్రం ఇంట్లో అరగంట స్పేసర్ పెట్టుకుని, రోజూ వేళ్లకు వ్యాయామం చేయడం మొదలుపెట్టారు. కొన్ని వారాలకు నొప్పి బాగా తగ్గింది. వేలు వంకర అలాగే ఉంది. "వంకరైతే ఏం డాక్టరు గారూ, కుంటకుండా ఇంటికి వెళ్తున్నాను, అది చాలు" అంటారు. స్పేసర్ నుంచి ఆశించదగిన మేలు దాదాపు అంతే. అది చిన్న మేలు కాదు.

పరిశోధనలు కూడా ఇంచుమించు ఇదే చెబుతున్నాయి. థాయిలాండ్‌లో కొలత తీసి చేసిన సిలికాన్ స్పేసర్లను కొందరు రోగులకు ఇచ్చి, 12 నెలల పాటు రాత్రిళ్లు పెట్టుకోమన్నారు. 2018లో ప్రచురించిన ఆ ఫలితాల్లో వేలి వంపు కొద్ది డిగ్రీలు మాత్రమే తగ్గింది. 2001లో ఫిన్లాండ్ వైద్యులు బనియన్ ఉన్నవారిని మూడు గుంపులుగా చేసి ఆపరేషన్‌ను, పాదానికి ఆసరాగా చెప్పులో పెట్టే అట్టను, ఏ చికిత్సా లేకపోవడాన్ని పోల్చారు. ఆ ఆసరా అట్ట మొదటి నెలల్లో నొప్పిని తగ్గించింది. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్ చేయించుకున్నవారికే ఎక్కువ మేలు కనిపించింది. అంటే ఏళ్ల తరబడి ఒరిగిన ఎముకను మెత్తని ముక్క తిన్నగా చేయదు. నొప్పి మరీ ఎక్కువై నడక కష్టమైతే ఎముకల వైద్యుని దగ్గరకు వెళ్లాల్సిందే. స్పేసర్ ఉందని ఆ పని వాయిదా వేయవద్దు.

స్పేసర్ వల్ల మేలు కలిగే వారు వీరు: బనియన్ తొలిదశలో ఉండి, వేలిని చేత్తో పట్టి లాగితే ఇంకా కదిలేవారు. వేలి మీద వేలు ఎక్కి ఒరుసుకునేవారు. నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య మెత్తని ఆనె కట్టి బాధపడేవారు. ఈ ఆనె ఎప్పుడూ చెమటతో తడిసి తెల్లగా ఉంటుంది కనుక చాలామంది దాన్ని పుండు అనుకుంటారు. మూడు, నాలుగు వేళ్ల మధ్య నరం ఒత్తుకుని, చెప్పులో గులకరాయి ఉన్నట్టు మంట పుట్టేవారికి కూడా వెడల్పు చెప్పుతో పాటు స్పేసర్ కొంత ఉపశమనం ఇవ్వవచ్చు.

కొనే ముందు మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: మీ పాదానికి స్పర్శ ఉందా?

ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా మందికి షుగరు వ్యాధి ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ వీరిలో చాలామందికి పాదాల నరాలు దెబ్బతిని, తిమ్మిరిగా మొదలై, క్రమంగా స్పర్శ పోతుంది. కుష్ఠు వ్యాధి సోకినవారికి కూడా ఇదే జరుగుతుంది. మందులతో ఆ వ్యాధి పూర్తిగా నయమైనా, పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు.

1946లో వేలూరుకు వచ్చిన శస్త్రవైద్యులు డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులు, కాళ్లు ఎందుకు పాడవుతున్నాయో ఏళ్ల తరబడి గమనించారు. వ్యాధి వల్ల వేళ్లు వాటంతట అవే రాలిపోతాయని అప్పట్లో అందరూ అనుకునేవారు. నొప్పి తెలియకపోవడం వల్ల రోజూ తగిలే చిన్న దెబ్బలే పాదాన్ని పాడుచేస్తున్నాయని ఆయన, ఆయన సహచరులు చూపించారు. వేలూరు, కరిగిరి ఆసుపత్రుల్లో మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరుతో చెప్పులు చేయించడం అప్పుడే మొదలైంది. వాటినే ఇప్పటికీ ఎం.సి.ఆర్. చెప్పులు అంటున్నాం. నొప్పి శత్రువు కాదు, కాపలాదారు అన్నది ఆ అనుభవం నేర్పిన పాఠం. మా పెద్దావిడ పాదానికి ఆ కాపలాదారు లేడు. రోజంతా స్పేసర్ ఒత్తుతున్నా "తీసేయమ్మా" అని చెప్పేవారు లోపల ఎవరూ లేరు.

స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. కళ్లు మూసుకుని పడుకోండి. ఇంట్లో ఒకరు మీ రెండు కాళ్లకూ బొటనవేలు, మూడో వేలు, చిటికెన వేలు, మొత్తం ఆరు వేళ్ల కొనలను చూపుడు వేలితో ఒక్కొక్కటిగా తాకాలి. ఈకతో తాకినంత తేలికగా, ఒకటి రెండు క్షణాలు తాకితే చాలు. నొక్కకూడదు, గోకకూడదు. తాకినప్పుడు కుడి అనో ఎడమ అనో మీరు చెప్పాలి. ఆరింటిలో రెండు లేక అంతకంటే ఎక్కువ చోట్ల తెలియకపోతే స్పర్శ తగ్గిందని అనుమానించాలి. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు 2011లో వెలువరించిన సులువైన పరీక్ష ఇది. ఆసుపత్రిలో 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ తీగతో ఇదే పరీక్షను ఇంకా కచ్చితంగా చేస్తారు.

స్పర్శ తగ్గితే, షాపులో దొరికే స్పేసర్ మీకు వద్దు. "అయితే షుగరు ఉన్నవారెవరూ వాడకూడదా?" అని మీరు అడగవచ్చు. అలా కాదు. డయాబెటిక్ పాదాల మీద 2019లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, పుండు పడే ప్రమాదం ఉన్నవారిలో వేళ్ల మీద ఆనెలు ఎక్కువగా కడుతుంటే సిలికాన్ సాధనాలను ఆలోచించవచ్చని చెబుతున్నాయి. అయితే అవి వైద్యులు పాదాన్ని చూసి రాసి ఇచ్చేవి, పాదానికి అమరుతున్నాయో లేదో మళ్లీ మళ్లీ చూసేవి. పెట్టెలో వచ్చి, సైజు కూడా తెలియకుండా తొడుక్కునే ముక్కకూ దానికీ చాలా తేడా ఉంది.

రెండో ప్రశ్న: పాదానికి రక్తం సరిగా అందుతోందా?

కొంత దూరం నడవగానే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గడం, పాదాలు చల్లగా ఉండడం, వేళ్లు నీలంగా కనిపించడం, చిన్న గాయం కూడా వారాల తరబడి మానకపోవడం, ఇవన్నీ రక్తం సరిగా అందడం లేదనడానికి గుర్తులు. బీడీ, సిగరెట్, చుట్ట తాగేవారిలో ఇది ఎక్కువ. ఇటువంటి పాదంలో వేలి పక్కన చిన్న ఒత్తిడి కూడా కొద్దిపాటి రక్తాన్ని ఆపేస్తుంది. స్పేసర్ సంగతి ఆపి, ముందు వైద్యుని కలవండి. మెట్టెలు పెట్టుకునే స్త్రీలకు కూడా ఇదే మాట. పాదం వాచినప్పుడు మెట్టె బిగుసుకుంటుంది. స్పర్శ లేనివారికి అది తెలియనే తెలియదు.

మూడో ప్రశ్న: మీ చెప్పులో చోటు ఉందా?

తెల్ల కాగితం మీద నిలబడి, పెన్సిలుతో పాదం చుట్టూ గీయించుకోండి. కూర్చుని గీస్తే పాదం పూర్తిగా పరుచుకోదు కనుక నిలబడే గీయాలి. ఆ బొమ్మ మీద మీ చెప్పును పెట్టండి. గీత చెప్పు బయటికి కనిపిస్తే, మీ వేళ్లు రోజూ అంత మేర నలుగుతున్నాయన్నమాట. అసలే ఇరుకుగా ఉన్న బూటులో స్పేసర్ పెట్టడం, నిండిన బస్సులో ఇంకో మూట తోయడం వంటిది. లోపల ఉన్నవారే నలిగిపోతారు. చాలామందికి చెప్పు మారిస్తే చాలు, స్పేసర్ అవసరమే రాదు.

మందిరంలో ఆదివారం గుమ్మం ముందు వదిలిన చెప్పులను ఒకసారి చూడండి. మొన ముందుకు కోసుగా ఉన్నవి, మడమ ఎత్తయినవి, పట్టీ తెగి పిన్నీసు పెట్టినవి, అరిగి ఒక పక్కకు వాలిపోయినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. సువార్త కూటాలకు, పెళ్లిళ్లకు చీరకు తగ్గ చెప్పులు వెతుకుతాం కానీ, పాదానికి తగ్గవి వెతకం.

వాడాలనుకుంటే ఇలా వాడండి

పై మూడు ప్రశ్నలకూ సమాధానం బాగుంటే నిశ్చింతగా వాడవచ్చు. మొదటి రోజుల్లో 10 నుంచి 15 నిమిషాలు చాలు. కూర్చుని ఉన్నప్పుడు, చెప్పులు లేకుండా పెట్టుకోండి. బాగుంటే రోజుకు కాస్త కాస్త పెంచుతూ అరగంటకు, గంటకు రండి. తర్వాత ఇంట్లో నాలుగడుగులు వేసి చూడండి. మొదటే రాత్రంతా పెట్టుకుని పడుకోవద్దు. బ్యూటీ పార్లరులో గోళ్ల రంగు వేసేటప్పుడు పెట్టే గట్టి స్పాంజి ముక్కలతో నడవవద్దు. అవి నడకకు చేసినవి కావు.

తీసిన ప్రతిసారీ వేళ్ల సందులు చూసుకోండి. కాస్త ఎర్రగా ఉండి కొన్ని నిమిషాల్లో పోతే పర్వాలేదు. ఎరుపు పోకపోయినా, పొక్కు వచ్చినా, తిమ్మిరెక్కినా, వేలి రంగు మారినా ఆపేయండి. స్పేసరును సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టండి. ఒకరిది ఒకరు వాడవద్దు. వేళ్ల సందులు నాని తెల్లబడి దురద పెడుతుంటే అది ఫంగస్ కావచ్చు. అది తగ్గేవరకు స్పేసర్ వద్దు. గౌట్ నొప్పి రేగినప్పుడు, పాదానికి ఆపరేషన్ అయిన తర్వాత, వైద్యుడు చెప్పేవరకు ఆగండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆనెలకు మందుల షాపులో కార్న్ క్యాప్ అని అమ్ముతారు. అందులో ఉండే ఆమ్లం ఆనెతో పాటు చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. షుగరు ఉన్నవారు, స్పర్శ లేనివారు దాన్ని ముట్టుకోవద్దు. బ్లేడుతో ఇంట్లో ఆనె కోసుకోవడం కూడా అంతే ప్రమాదం.

ఖర్చు లేని పని

స్పేసర్ ధర కొందరికి భారమే. దాని పనిలో చాలా భాగం మీ కాళ్లే చేయగలవు. స్పేసర్ వేళ్లను విడదీసి పెడుతుంది గానీ, వేళ్లకు బలం ఇవ్వదు. బలం వ్యాయామంతోనే వస్తుంది.

కుర్చీలో కూర్చుని పాదాలు నేల మీద ఆనించండి. వేళ్లను వీలైనంత వెడల్పుగా చాచి అయిదు లెక్కపెట్టండి, వదలండి. ఇలా పదిసార్లు. మొదట్లో వేళ్లు మాట వినవు. చేత్తో విడదీసి సాయం చేయండి. కొన్ని వారాల్లో అలవాటవుతుంది. తర్వాత నేల మీద పాత తువ్వాలు పరచి, వేళ్లతో దగ్గరకు లాగండి. ఆ తర్వాత బొటనవేలు మాత్రమే లేపి మిగతా నాలుగూ నేల మీద ఉంచండి. అటుపైన నాలుగూ లేపి బొటనవేలు నేల మీద ఉంచండి. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి చాచి, మడమ నేలను వదలకుండా పిక్క సాగేలా అరనిమిషం నిలబడండి. ప్రార్థన ముగిశాకో, టీవీలో వార్తలు చూస్తూనో ఇవన్నీ పది నిమిషాల్లో అయిపోతాయి. స్పర్శ లేనివారు, తూలే వారు కూర్చుని చేసేవి మాత్రమే చేయండి.

రాత్రి పడుకునే ముందు కాళ్లు కడుక్కునే అలవాటు మన ఇళ్లలో ఉన్నదే. దానికి రెండు పనులు కలపండి. వేళ్ల సందులను మెత్తని గుడ్డతో పొడిగా తుడవండి. దీపం వెలుతురులో అరికాలు చూసుకోండి. వంగలేనివారు అద్దం కింద పెట్టి చూడవచ్చు, లేదా మనవడినో మనవరాలినో చూడమనవచ్చు. వేడినీళ్లు స్పర్శ లేని పాదంతో కాకుండా మోచేతితో పరీక్షించండి.

పిల్లల బూట్ల మాట

తల్లిదండ్రులకు ఒక మనవి. జూన్‌లో బడి తెరిచేటప్పుడు "నిరుటి బూట్లు ఇంకా బాగానే ఉన్నాయి కదా" అనుకుంటాం. బూటు బాగానే ఉంటుంది, పాదమే పెరిగిపోయి ఉంటుంది. అన్న బూట్లు తమ్ముడికి వేస్తాం. అన్న పాదం అరగదీసిన దారిలోనే తమ్ముడి పాదం నడవాల్సి వస్తుంది. ఇరుకు బూటులో పెరిగిన పాదానికి ముప్పై ఏళ్ల తర్వాత స్పేసర్ వెతకడం కంటే, ఇప్పుడు బూటు ముందు భాగంలో బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉందో లేదో నొక్కి చూడడం నయం. చెప్పులు, బూట్లు సాయంత్రం పూట కొనండి. పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది కనుక కొలత సరిగా వస్తుంది. వీలైనంతసేపు ఇంట్లో పిల్లలను బూట్లు లేకుండా ఆడుకోనివ్వండి.

మేము మార్చుకున్నది

"కాలి వేలి సంగతి ఇంతగా చెప్పాలా?" అని కొందరు పెద్దలు అనవచ్చు. గుండె, మూత్రపిండాలు, కళ్లు పెద్ద విషయాలు, నిజమే. అయితే కాలు పోగొట్టుకున్న వ్యక్తి పొలానికి వెళ్లలేడు, కూలి చేయలేడు, ఆదివారం తన కాళ్ల మీద తాను మందిరానికి రాలేడు. ఆ కాలు పోవడం చాలాసార్లు ఒక వేలి సందులో, ఎవరూ చూడని ఒక పొక్కుతోనే మొదలవుతుంది.

ఆ పెద్దావిడ తర్వాత మా షుగరు ఓ.పి.లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. రక్తపరీక్ష కాగితం చూడకముందే చెప్పులు, సాక్సులు విప్పించి రెండు పాదాలూ, పది వేళ్ల సందులూ చూస్తాం. పుస్తకంలో పాదాలకు ఒక గడి గీశాం. వరుస పెరిగిందని, ఆలస్యమవుతోందని కొందరు విసుక్కుంటున్నారు. ఆ విసుగు మాకు సమ్మతమే.

ఆవిడ ఇప్పుడు ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకుంటున్నారు. ప్రతి మూడు నెలలకూ వస్తున్నారు. మేము చెప్పకముందే చెప్పులు విప్పి, పాదాలు బల్ల మీద పెట్టి కూర్చుంటున్నారు. పక్కన కొత్తగా వచ్చినవారికి కూడా "మీరూ విప్పండమ్మా, చూడనివ్వండి" అని చెబుతున్నారు.

మీరు కూడా అలాగే చేయండి. ఏ ఆసుపత్రికి వెళ్లినా, షుగరు ఉంటే ఏడాదికి ఒక్కసారైనా మీ పాదాలను పరీక్షించమనండి. మీ సంచిలో స్పేసర్ ఉంటే దాన్ని కూడా తెచ్చి చూపించండి, వద్దని కోప్పడం. పాదాన్ని చూసి, వాడవచ్చో లేదో కలిసి తేల్చుకుందాం. హడావుడిలో మేమే మరచిపోతే మీరే గుర్తు చేయండి. "సిస్టరు గారూ, నా కాళ్లు చూడలేదు" అని ఒక్క మాట అనండి. ఆ మాటకు మేము నొచ్చుకోం.